మహారాజా, కాస్త లేస్తారా!

విశాఖ ఆటోనగర్ షెడ్డులో, టార్పాలిన్ పట్టా కింద, మూడు కాళ్ల మీద వేంచేసి ఉన్న శ్రీశ్రీశ్రీ నల్ల సెడాన్ మహారాజావారి దివ్య సముఖానికి, తమరి ఆర్‌సీలో యజమానిగా పేరున్న అల్పుడు నమస్కరించి రాసుకున్న విన్నపం.

ఇక్కడ అంతా క్షేమం. తమరు లేని చోట పక్క ఫ్లాటాయన రెండు స్కూటర్లు, పిల్లల సైకిలు, వాళ్ల పాత కూలరు పెట్టుకున్నారు. ఇంకా చోటు మిగిలింది. అయిదు మీటర్ల పైచిలుకు పొడవు మరి! 2006 నుంచి నాలుగు మీటర్ల లోపు బండికి పన్ను తక్కువని దేశమంతా పొట్టి కార్లు కొనుక్కుని హాయిగా బతుకుతుంటే, నాకే ఈ నిడివి కావాల్సొచ్చింది.

ఆదివారం సంగతి తమరికి గుర్తుండే ఉంటుంది. రుషికొండ దగ్గర మా మేనల్లుడి నిశ్చితార్థం. ముహూర్తం పదకొండున్నరకి. స్వీట్లు తీసుకుందామని సిరిపురంలో పది నిమిషాలు, ఒట్టు, పదే నిమిషాలు ఆపాను. డబ్బాలతో తిరిగొచ్చి చూస్తే తమరి ఎడమ ముందు భాగం నేలకి అతుక్కుపోయి ఉంది. టైరుకీ పైనున్న రేకుకీ మధ్య వేలు దూరే సందు లేదు. వెనక సీట్లో మా నాన్న, పట్టుపంచె, ఒళ్లో పళ్ల పళ్లెం, ఒక పక్కకి ఒరిగిపోయి, నిమజ్జనానికి బయల్దేరిన వినాయకుడిలా ఉన్నారు.

జనం మూగారు. ఒకాయన పంక్చరన్నాడు. ఇంకొకాయన ఫోటో తీసుకున్నాడు. మా అక్క ఫోన్ మీద ఫోన్. బండిని ఎక్కించుకుపోయే లారీ గంటన్నరకి వచ్చింది. ఆ కుర్రాడు రోడ్డు మీద బోర్లా పడుకుని తమరి కడుపు కింద టార్చి వేసి చూసి, లేచి చొక్కా దులుపుకుంటూ అన్నాడు: "సార్, ఇది లారీ ఎక్కాలంటే ముందు లెగాల. లెగాలంటే గాలుండాల. గాలుంటే నన్నెందుకు పిలుస్తారు?"

ఇంత చక్కగా తమరి జాతకం ఎవరూ చెప్పలేదు.

నాన్న మాత్రం అద్దం దించి ఒక్కటే అడిగారు: "అంబారీ బాగానే ఉంది గానీ, ఏనుగు లెగదేటిరా?"

చివరికి ఆటోలో వెళ్లాం. తాంబూలాలు పుచ్చుకునే ఫోటోలో మేనమామ లేడు. మేనమామ నిలబడాల్సిన చోట వాటర్ బాటిళ్లు పట్టుకుని క్యాటరింగ్ కుర్రాడున్నాడు. ఆ ఫోటో ఫ్రేము కట్టిస్తారట.

అసలు తమరిని కొన్న రోజు నా తెలివికి నేనే మురిసిపోయాను. పదేళ్లు దాటిన డీజిల్ బండి ఢిల్లీలో తిరగకూడదని 2015లో హరిత ట్రైబ్యునల్ అంది, 2018లో సుప్రీంకోర్టు ఔనంది. దాంతో పదో ఏడు దగ్గర పడ్డ ప్రభువులంతా వేరే రాష్ట్రానికి పోవచ్చన్న ఎన్‌వోసీలు పట్టుకుని వలస బయల్దేరారు. కొత్తలో కోటి దాటి పలికిన తమరు నాకు 13 లక్షలకి దొరికారు. అదే వారం మా ఆఫీసులో ఒకాయన అంతకంటే ఎక్కువ పెట్టి చిన్న బండి కొంటే నేను నవ్వాను కూడా. ఏనుగు చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే అన్న సామెత అప్పట్లో నాకు ధైర్యంగా వినిపించేది.

సంపత్ వినాయక గుడి ముందు పూజ చేయించినప్పుడు నాలుగు నిమ్మకాయలు పెడితే తమరు మూడే చిదిమారు. ఎడమ ముందు చక్రం కిందది పక్కకి దొర్లిపోయింది. అప్పుడే అర్థం చేసుకోవాల్సింది.

ఇప్పుడు మెకానిక్కు నాకు పాఠం చెప్పాడు. స్ప్రింగులుండాల్సిన చోట తమరి కాళ్లకి రబ్బరు సంచులు. వాటిలో గాలి కొట్టడానికో కంప్రెసర్. రబ్బరు ముసలిదై పగుళ్లిస్తే గాలి కారిపోతుంది. కారిన గాలి నింపడానికి కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది. తిరిగి తిరిగి అదీ మాడిపోతుంది. పీల్చే గాలిలో తేమ తీసేయడానికి ఓ డ్రయ్యర్ కూడా ఉందట. విశాఖ గాలిలో తేమ తీసేయడం! మా బాల్కనీలో ఆరేసిన తువ్వాలుకే చేతకాలేదు. ఉప్పుగాలికి ఇనప గ్రిల్లే పొరలు పొరలుగా ఊడే ఊళ్లో తమరు రబ్బరు సంచుల మీద రాజ్యమేలడానికొచ్చారు.

లెక్క చూడండి. తమరి ధర పడిపోయింది, కాలి ధర పడలేదు. కోటి రూపాయల బండి 13 లక్షలకి దిగొచ్చినా, దాని కాలు కోటి రూపాయల బండి కాలే. ఒక్కోటి లక్షా నలభై వేలు, బిగింపు కూలి వేరు. ఇన్సూరెన్సు వాళ్లనడిగితే అరుగుదలకి డబ్బులివ్వం అన్నారు.

సీట్లలో మసాజ్ ఉంది. వెనక కర్టెన్లున్నాయి. సెంటు కొట్టే బుడ్డి ఉంది. నిలబడటం ఒక్కటే రాదు! ఏమయ్యా, ఏం చూసుకుని నీకీ పొగరు? పూర్ణామార్కెట్ సందులో ఇరుక్కుంటావు, అపార్ట్‌మెంట్ ర్యాంపు మీద పొట్ట గీరుకుంటావు, వానొస్తే జ్ఞానాపురం వంతెన కిందకి నిన్ను తీసుకెళ్లే దమ్ము నాకు లేదు. నిన్ను చూసి కూరగాయలామె బీరకాయల మీద పది రూపాయలు ఎక్కువ చెప్తోంది. ఇవన్నీ భరించాను. కానీ నడిరోడ్డు మీద, మా నాన్నని కూర్చోబెట్టుకుని, కుప్పకూలిపోతావా? సిగ్గుండక్కర్లేదూ?

నిన్న షెడ్డుకొచ్చింది నిన్ను పలకరించడానికి కాదు. "స్ప్రింగులేసేద్దాం సార్, గొడవొదిలిపోద్ది. కాపోతే ఆ ఊపుండదు" అన్నాడు మెకానిక్కు. సరే, వేసేయ్ అని చెప్పడానికే వచ్చాను. నాన్న కండువా లోపల ఉండిపోయిందంటే వెనక తలుపు తీశాను. కూర్చుని తలుపు దగ్గరకి వేస్తే, చివరి అంగుళం నువ్వే లాక్కున్నావు. బయట లేతు మిషన్ మోత ఠక్కున సన్నగిల్లింది.

మొన్న సంక్రాంతి గుర్తొచ్చింది. నీలోనే నరసన్నపేట నుంచి వస్తున్నాం. నాన్నకి మోకాలి ఆపరేషనై మూడు నెలలు. ఏ బండిలోనూ కునుకు తీయని మనిషి శ్రీకాకుళం దాటకుండానే కాళ్లు బార్లా చాపి నిద్రపోయారు. ఆనందపురం దగ్గర లేచి, కండువాతో మొహం తుడుచుకుని, "ఇంకా బయల్దేరలేదేటిరా?" అన్నారు.

బయటికొచ్చి స్ప్రింగులు వద్దన్నాను. కాలు ఆర్డరు పెట్టమన్నాను. ఎడమ ముందుది ఒక్కటే. మిగతా మూడింటి గురించి నా దగ్గర ఎత్తకు. ఇంట్లో కూడా ఇంకా చెప్పలేదు.

ఇట్లు,
ఈ నెలంతా ఆటో ఎక్కబోయే తమరి యజమాని

తా.క.: కండువా తెచ్చేశాను. మధ్యాహ్నం పూట తమరి బానెట్ మీద పడుకునే కుక్కని హారన్ కొట్టి లేపకండి. మీ ఇద్దరికీ లేచే పనేమీ లేదు కదా.