బొమ్మ చూసి కొనడమే శాస్త్రం

విత్తనాల ఎంపిక గురించి మనకు చెప్పనివాళ్లు లేరు. రకం చూడమంటారు, నేల చూడమంటారు, నీళ్లు చూడమంటారు. ఇవన్నీ చూస్తూ కూర్చుంటే కార్తె దాటిపోతుంది. అందుకని నల్లగొండలో మిద్దె మీద 14 కుండీలకూ, దేవరకొండ దారిలో ఎకరం చెల్కకూ, బోరు కింద ఎకరం మడికీ సర్వాధికారినైన నేను, రైతు లోకానికి ఒకే ఒక్క సూత్రం సమర్పిస్తున్నాను. విత్తనాన్ని ప్యాకెట్ మీద బొమ్మ చూసి కొనాలి.

నవ్వకండి. మీరూ అలాగే కొంటున్నారు. నేను ఒప్పుకుంటున్నాను, అంతే తేడా.

మృగశిర ముందు ఏ విత్తనాల దుకాణానికైనా వెళ్లి చూడండి. దండెం మీద బట్టల్లాగా ప్యాకెట్లు వేలాడుతుంటాయి. టమాట ప్యాకెట్ మీద ఎర్రటి పండు, దాని మీద మూడు నీటిబొట్లు. జూన్ మొదటి వారంలో నల్లగొండలో నీటిబొట్టు కనపడాలంటే బొమ్మలోనే కనపడాలి. ఆ చల్లదనానికే సగం డబ్బులు ఇచ్చేయొచ్చు. కాకరకాయ బొమ్మ చూస్తే చేదు గుర్తుకు రాదు. బీరకాయ బొమ్మ చూస్తే ఇంటికి ఎన్ని సంచులు తీసుకురావాలో లెక్క మొదలవుతుంది.

ప్యాకెట్‌కు వెనకవైపు కూడా ఒకటుంది. అక్కడ లాట్ నంబరు, పరీక్ష చేసిన తేదీ, గడువు, మొలక శాతం, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటాయి. వాటిని చదివేవాళ్లు రెండు రకాలు: కంటద్దాలు కొత్తగా మార్పించుకున్నవాళ్లు, కేసు వేయదలచుకున్నవాళ్లు. నేను ఒకసారి పొరపాటున చదివాను. టమాటకూ వంకాయకూ ఉండాల్సిన కనీస మొలక 70 శాతం, బెండకు 65, మిరపకు 60. అంటే 100 మిరప గింజల్లో 40 నిద్ర లేవకపోయినా నిబంధనలకు అభ్యంతరం లేదు. మా ఆఫీసు హాజరు కూడా ఇంచుమించు అదే కాబట్టి నేనూ అభ్యంతరపెట్టలేదు.

ఇంకో సంగతి. 1966 విత్తన చట్టం ప్రకారం ప్రభుత్వం నోటిఫై చేసిన రకాలకు లేబుల్ తప్పనిసరి. సర్టిఫికేషన్ మాత్రం ఎవరి ఇష్టం వాళ్లది. సర్టిఫై అయిన సంచికి నీలం ట్యాగ్ ఉంటుంది. కానివాటికి ఆకుపచ్చది, ట్రూత్‌ఫుల్ లేబుల్. అంటే "నేను చెప్పేది నిజమే" అని కంపెనీ తన గురించి తనే రాసిచ్చుకునే చీటీ. పిల్లగాడు తన ప్రోగ్రెస్ కార్డు మీద తానే సంతకం పెట్టుకుంటే మనం చెవి మెలిపెడతాం. ఇక్కడ బిల్లు కట్టి, ప్యాకెట్ కళ్లకద్దుకుని తెచ్చుకుంటాం. రాసింది అబద్ధమైతే శిక్ష ఉంది. ఆ శిక్ష పడేనాటికి కార్తె ఉండదు.

విత్తొకటి పెడితే చెట్టొకటి మొలుస్తుందా అని మన పెద్దలు మహా ధీమాగా అడిగారు. మొలుస్తుంది. పోయినేడు పొడుగు వంకాయ బొమ్మ చూసి ప్యాకెట్ కొన్నాను. గుండ్రంగా, తెల్లగా, కోడిగుడ్డంత కాసింది. తప్పు ప్యాకెట్‌దని నేననను. మొక్క తన బొమ్మ తాను చూసుకోలేదు.

మా పక్కింటాయన ఇంకా సాహసి. హైబ్రిడ్, అంటే రెండు రకాలను కలిపి పుట్టించిన టమాట, పండు బాగుందని దాని గింజే తీసి, కడిగి, ఆరబెట్టి దాచాడు. మరుసటేడు ఒక చెట్టు తండ్రి పోలిక, ఒకటి మేనత్త పోలిక, ఇంకొకటి ఎవరి పోలికో ఇంట్లో మాట్లాడుకునే విషయం కాదు. హైబ్రిడ్ సంగతి పాలమూరు వాళ్లనడిగితే చెప్పేవాళ్లు. గద్వాల నడిగడ్డలో పత్తి విత్తనం పండించే చేలల్లో సాయంత్రం ఆడ వరుసలోని మొగ్గ గిల్లి కేసరాలు తీసేస్తారు. పొద్దున్నే మగ పువ్వు తెచ్చి దాని మీద అద్దుతారు. ఒక్కొక్క పువ్వుకూ చేత్తోనే. అన్ని పెళ్లిళ్లు చేసిన మనిషి కూడా తన చేనుకు కావాలంటే దుకాణానికే పోయి, బొమ్మ ఉన్న ప్యాకెట్టే కొనుక్కుంటాడు. నా సూత్రానికి ఇంతకన్నా పెద్ద సాక్ష్యం ఏం కావాలి?

ఆకుకూరల దగ్గర మాత్రం నా సూత్రం కొంచెం తడబడుతుంది. కొత్తిమీర ప్యాకెట్ కొనాలా, కిరాణా కొట్టు ధనియాలు చల్లాలా అన్నది మా ఇంట్లో మూడేళ్లుగా పెండింగ్‌లో ఉన్న కేసు. ధనియం చూడడానికి ఒక్క గింజే కానీ అతుక్కున్న రెండు బద్దలు. నలిపి విడదీస్తే బద్దకో మొక్క. ఎంత నలపాలి? పిండి కాకూడదు, విడిపోవాలి. రోకలితో దంచితే పొడైంది. చివరికి గచ్చు మీద పోసి, చెప్పు తిరగేసి మెల్లగా రుద్దుతున్నాను. పటపటమని చక్కగా విడిపోతున్నాయి. అంతలో మా ఆవిడ వచ్చింది. చెప్పును చూసింది, ధనియాలను చూసింది, నన్ను చూసింది.

"రేపు గవే చారుల వేస్తవా?"

ప్యాకెట్ ధనియాలు ఒక కుండీలో, కిరాణా ధనియాలు ఒక కుండీలో వేసి పోటీ పెట్టాను. పెట్టింది మే నెల. మిద్దె గచ్చు మీద చారు కాగే ఎండ. రెండు కుండీల్లోనూ ఒక్కటీ మొలవలేదు కాబట్టి పోటీ సమానంగా ముగిసింది. (పుదీనా విత్తనాల ప్యాకెట్ కూడా కొన్నాను. పది రూపాయల కట్ట తెచ్చి, ఆకు తుంచుకుని, కాడలు గుచ్చితే సరిపోతుందని ఇంటికొచ్చాక తెలిసింది. కట్ట మీద బొమ్మ ఉండదు కదా, నాకెలా తెలుస్తుంది?)

ఈ మధ్య దేశవాళీ విత్తనం వచ్చింది. అంటే కాటన్ సంచీలో వచ్చింది. నూలు దారం, చేతిరాతలా కనపడే ప్రింటు, లోపల పది ఆనిగెపు గింజలు. గర్వంగా ఊరికి తీసుకెళ్లి అమ్మకు చూపించాను.

"గీటికి పైసలు వెట్టినవా బిడ్డా? గోడకున్నయి కద!"

చూద్దును కదా, వెనకింటి గోడకు అరచెయ్యంత పేడ ముద్దలు, ఒక్కో దాంట్లో నాలుగేసి గింజలు ఎండుతున్నాయి. సంచీ లేదు, దారం లేదు, ధర లేదు. నాకు ఒళ్లు పులకరించింది. 'అమ్మ గోడ మీద విత్తన వేదం' అని వ్యాసానికి పేరు కూడా కుదిరింది. ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి, విత్తనం ఎట్ల ఎంచుకోవాలమ్మా అని అడిగాను.

"బెండకైతే గా హైబ్రిడ్ ప్యాకెట్టే తే. మనదానికి పల్లాకొస్తది, ఆకంత పసుపైతది. తెంపుతుంటె చేతులకు నూగు గుచ్చుకుంటది."

రికార్డింగ్ ఆపేశాను. వ్యాసం అక్కడే పోయింది.

ఇక నా సూత్రానికి అసలు శత్రువు జీలుగ, అంటే నేలకు ఎరువుగా దున్నేయడానికే పెంచే పచ్చిరొట్ట పైరు. జీలుగ సంచి మీద బొమ్మ ఉండదు. వేసి ఏం లాభం, తినడానికి లేదు, అమ్మడానికి లేదు. పాస్‌బుక్ జిరాక్సు పట్టుకుని ఎండలో లైన్లో నిలబడి, ఎకరం మడికి 12 కిలోలు తెచ్చి చల్లి, 45 రోజులు పెంచి, సరిగ్గా పూతకొచ్చే వేళకు దున్నేయాలట. అదీ అన్ని నేలలకూ ఒకటే కాదు. చౌడు పట్టిన మడికి, నీళ్లు నిలిచే చోటికి జీలుగ. నీళ్లు నిలవని చెల్కకు జనుము. వరి కోసిన తడి మీద చల్లి, పశువులకు కూడా ఇంత మేత కావాలంటే పిల్లిపెసర. బత్తాయి తోటల వాళ్లు సాళ్ల మధ్య జనుమో అలసందో వేసి కలియదున్నుతారు. చూశారా, బొమ్మ లేకపోయేసరికి మనిషి వంగి నేల చూడాల్సిన గతి పట్టింది.

అయినా ఈసారి వేశాను. రోహిణిలో పడ్డ వానకు చల్లితే జూలై నడిమికల్లా ఛాతీ దాకా లేచింది. పచ్చటి మడి, అక్కడక్కడా పసుపు పూలు. నా జీవితంలో నేను పండించినవాటిలో అంత బాగా వచ్చింది ఇదొక్కటే. గట్టు మీద మా బావ ఆగాడు.

"క్వింటాల్ ఎంతకు పోతది బావా?"

"అమ్మను. దున్నేస్తా."

బావ ఏమీ అనకుండా బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు. సాయంత్రానికి నాకేదో అయిందని ఊళ్లో మాట్లాడుకున్నట్టు తెలిసింది. మర్నాడు ట్రాక్టర్ పిల్లగాడు వచ్చి, రోటవేటర్ దించకుండా రెండుసార్లు అడిగాడు. "సారూ, గింత మంచిగ వచ్చింది. నిజంగనే దున్నుమంటరా?"

ఒక్క నిమిషం ఆగమని, పూలు బాగా పడేట్టు ఒక ఫొటో తీసుకుని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాను. మధ్యాహ్నానికి మడి బురదైంది. రాత్రికి 11 మంది మెసేజ్ పెట్టారు. అందరిదీ ఒకటే ప్రశ్న: ఏం విత్తనం అన్నా, ప్యాకెట్ ఎక్కడ దొరుకుతది?