మన రక్తమే కదా, పరీక్షలు ఎందుకట!

ఇప్పుడే క్లినిక్ నుంచి వచ్చాను. ఒళ్లు మండిపోతోంది. మా పెదనాన్నగారికి కుడి బొటనవేలి కింద షుగరు పుండు. డాక్టరు కాలు చూడకముందే కౌంటరులోని అమ్మాయి లామినేషన్ చేయించిన రేట్ల కాగితం చేతిలో పెట్టింది. పీఆర్‌పీ (మన రక్తాన్నే తీసి, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న ద్రవాన్ని వేరుచేసి పుండుకు వాడే చికిత్స) ప్యాకేజీ, ముందే కడితే తగ్గింపు! "ఇది పనిచేస్తుందని ఎలా తెలిసిందమ్మా?" అని అడిగాను. "మీ రక్తమే కదా సార్, ఇంకా పరీక్షలెందుకు?" అంది. మన రక్తం తీసుకుని బిల్లు వేయనిది దోమ ఒక్కటే అన్నమాట.

పరీక్షలెందుకో బ్రిటన్, డెన్మార్క్, స్వీడన్ వాళ్లను అడగాలి. ల్యూకోప్యాచ్ అని, రోగి రక్తాన్నే తీసి, గిర్రున తిప్పి, బిళ్లలా అయినదాన్ని వారానికోసారి పుండు మీద పెట్టి చూశారు. ముందు నాలుగు వారాలు మామూలు వైద్యమే చేసి, దానికే సగానికి తగ్గిన పుండ్లను పక్కన పెట్టేశారు, ఆ ఘనత బిళ్ల ఖాతాలో పడకుండా! మిగిలిన 269 మందిని చీటీలు తీసినట్టు రెండు జట్లు చేశారు. మానిందో లేదో తేల్చేవారికి ఎవరిది ఏ జట్టో తెలియదు. 2018లో ఫలితం వచ్చింది: 20 వారాల్లో మానినవి బిళ్ల పెట్టినవారిలో 34 శాతం, పెట్టనివారిలో 22 శాతం. మేలే, కాదనను. కానీ బిళ్ల పెట్టినా ముగ్గురిలో ఇద్దరికి ఆ గడువులో మానలేదు. మన కాగితం మీద మాత్రం "గ్యారంటీ"! పైగా అక్కడ పెట్టింది పీఆర్‌పీ కూడా కాదు.

గోడ మీద రెండు ఫోటోలు, ముందు, తర్వాత. ఆ మధ్యలో చచ్చిన చర్మం ఎన్నిసార్లు తీశారో, కాలి మీద బరువు పడకుండా ఏం చేశారో ఎవరూ చెప్పరు.

బరువంటే గుర్తొచ్చింది. పెదనాన్నగారికి ఎంసీఆర్ చెప్పులు, అంటే పాదం మీద ఒత్తిడి తగ్గించే మెత్తటి రబ్బరు చెప్పులు, కొనిచ్చింది నేనే. ఇంట్లో కూడా విప్పవద్దని డాక్టరు చెప్పారు. వైశాఖంలో మా బావగారి గృహప్రవేశం. కొత్త పాలరాయి మాసిపోతుందని గుమ్మంలోనే విప్పించారు! భోజనాలు మేడ మీద, మిట్టమధ్యాహ్నం. పాదాల్లో స్పర్శ లేని మనిషికి నేల కాలుతోందని ఎలా తెలుస్తుంది? సాయంత్రానికి బొబ్బ. ఆ బొబ్బే ఈ పుండు.

ఇందాక అదే బావగారు ఫోను చేశారు. "ఆ రక్తం చికిత్స చేయించెయ్, డబ్బుకు వెనకాడకు" అని సలహా. "సగం మీరు కడతారా బావగారూ?" అన్నాను. సిగ్నల్ సరిగా లేదట.