ఒక్క టీచరు, ఐదు తరగతులు: ఉపాధ్యాయ సంఘం లెక్క ఎక్కడ మొదలవ్వాలి?

ఒకప్పుడు మార్కాపురం పలక చేరని బడి దేశంలో అరుదు. ఆ పలకలు చెక్కిన పశ్చిమ ప్రకాశంలోనే, యర్రగొండపాలెం, దోర్నాల వైపు గూడేల్లో, ఒకే టీచరు ఐదు తరగతులూ మోసే బళ్లున్నాయి. నెల్లూరు జిల్లాలో యానాది కాలనీల మధ్య ఉన్న చిన్న బళ్లదీ చాలాచోట్ల అదే కథ. ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తుంటే ఐదో తరగతి పిల్లలు భాగహారం దగ్గర ఆగిపోయి ఎదురుచూస్తుంటారు. ఈలోగా యాప్‌లో హాజరు వేయాలి, మధ్యాహ్న భోజనం లెక్క పంపాలి, కాంప్లెక్స్ మీటింగుకి వెళ్లాలి. ఆ టీచరుకు జ్వరమొస్తే పక్క ఊరినుంచి ఎవరినైనా సర్దాలి. సర్దడానికి మనిషి దొరక్కపోతే ఆ రోజుకి చదువు లేనట్టే.

ఉపాధ్యాయ సంఘం అనగానే జనానికి గుర్తొచ్చేది మాత్రం పీఆర్సీ (వేతన సవరణ), డీఏ బకాయిలు, బదిలీలు. 2022 ఫిబ్రవరి 3న చలో విజయవాడకు వేలాదిమంది తరలినప్పుడు కూడా "జీతాల కోసమే కదా" అన్నవాళ్లు చాలామంది. జీతం అడగడంలో తప్పేముంది? తాత్కాలిక భృతి 27 శాతం ఇస్తూ, చివరికి వేతన సవరణలో ఇచ్చే పెంపు, అంటే ఫిట్‌మెంట్, 23 శాతమే అంటే ఏ ఉద్యోగి ఊరుకుంటాడు? నా బాధ వేరే. అదే ఏడాది అంతకంటే పెద్ద విషయం ఒకటి జరిగింది, దానిమీద సంఘాలు చేసిన పోరాటం ఊళ్లకు సరిగా చేరలేదు.

అది రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన జీవో 117. మూడు, నాలుగు, ఐదు తరగతులను కిలోమీటరు లోపున్న హైస్కూళ్లకు తరలించారు. మ్యాపులో కిలోమీటరు చిన్నదే. ఒంగోలు నుంచి సింగరాయకొండ, కావలి మీదుగా నెల్లూరు దాకా ఈ రెండు జిల్లాల ఊళ్ల పక్కనే జాతీయ రహదారి పోతుంది, దానికి తోడు రైలు పట్టాలు. ఎనిమిదేళ్ల పిల్ల వాటిని దాటాల్సి వస్తే ఆ కిలోమీటరు ఎంత దూరమో ఆ తల్లినడిగితే తెలుస్తుంది. తరలింపు తరువాత ఊళ్లో మిగిలినవి ఒకటి, రెండు తరగతులు, ఒక టీచరు. అన్నను హైస్కూలుకు పంపిన తల్లి చెల్లెల్ని ప్రైవేటు బడి ఆటో ఎక్కిస్తుంది. అంతే, పిల్లలు తగ్గారన్న లెక్క తయారవుతుంది. ఆ లెక్క చూపించి ఇంకో పోస్టు తీసేస్తారు.

సంఘాలు మొదటినుంచీ ఆ జీవోను ఎదిరించాయి. పోస్టులు పోతాయన్న భయం వాళ్లకుంది, ఆ సంగతి దాచుకోనక్కర్లేదు. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది వరకూ ఇద్దరు టీచర్లు ఉండాలి, 60 దాటితే ముగ్గురు. సంఘం పోస్టు నిలబెట్టమంటే పిల్లకు చట్టం రాసిచ్చిన టీచరును ఇవ్వమని అడిగినట్టే. సభ్యుడి అవసరమూ పిల్ల అవసరమూ కలిసే చోటు ఇదే. దీన్ని వదిలేసి ఒట్టి సర్వీసు సమస్యలు మాట్లాడినప్పుడల్లా సంఘం ఊరికి దూరమైంది.

2025లో ఆ జీవో రద్దయింది. ప్రాథమిక బళ్లలో పాఠాలు చెప్పే ఎస్జీటీలు పట్టుబట్టి, బదిలీలకు ఆన్‌లైన్ బదులు మాన్యువల్ కౌన్సెలింగ్ సాధించుకున్నారు. 16,347 పోస్టులతో టీచర్ల నియామక పరీక్ష, మెగా డీఎస్సీ జరిగింది. బదిలీలకు చట్టం వచ్చింది. ఇవన్నీ మంచివే. కానీ ఆదర్శ ప్రాథమిక పాఠశాలల్లో తరగతికో టీచరు అన్న మాటకు సంతోషించేటప్పుడు, పిల్లలు తక్కువున్న గూడెం బడికి ఇప్పటికీ ఒక్కరే దిక్కన్నది మరిచిపోకూడదు. పిల్లలు తక్కువున్నారని చదువు తక్కువ ఇస్తామా?

2025 సెప్టెంబర్ 1న ఉపాధ్యాయ అర్హత పరీక్ష (టెట్) మీద సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇంకో గుబులు. సర్వీసు ఐదేళ్లకు మించి మిగిలున్నవాళ్లు రెండేళ్లలో టెట్ పాస్ కావాలి. ఆనాటి నిబంధనల ప్రకారం డీఎస్సీ రాసి చేరి, పాతికేళ్లు పాఠం చెప్పిన మనిషికి ఇది అవమానంగా తోచడం సహజం. మినహాయింపు కోసం సంఘం పోరాడాలి. దాంతోపాటు సెలవు రోజుల్లో మండల కేంద్రంలో ఆ టీచర్లకు తరగతులూ పెట్టాలి. తోటివాళ్లకు చదువు చెప్పుకోలేని సంఘం ఎందుకు?

నెల్లూరుకు ఇది కొత్తేమీ కాదు. 1991లో ఈ జిల్లాలో అక్షర దీపం అనే అక్షరాస్యత ఉద్యమం వెలిగినప్పుడు లాంతర్ల వెలుతురులో రాత్రి బళ్లు నడిపినవాళ్లలో బడి పంతుళ్లు, వాలంటీర్లు ఉన్నారు. ఆ రాత్రి బడి వాచకంలోని ఒక పాఠం చదివి, మాట్లాడుకుని దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. అక్కడ రాజుకున్నది జిల్లా దాటింది, 1993 అక్టోబర్‌లో రాష్ట్రమంతా సారా నిషేధమైంది. పలక పట్టించిన అయివారి మాటకు ఊళ్లో ఆనాడున్న విలువ అది.

ఇవాళ ఆ విలువ ఎందుకు సన్నగిల్లిందో సంఘాలు తమను తాము అడగాలి. రాష్ట్రాన్ని కమ్మేసిన కార్పొరేట్ చదువు పుట్టిళ్లలో నెల్లూరు ఒకటి. ఆ హాస్టళ్లలో మన ప్రభుత్వ టీచర్ల పిల్లలెంతమంది? ఇది ఎత్తిపొడవడానికి అడగడం లేదు, ఒక తండ్రిగా ఆ భయం నాకూ తెలుసు. కానీ నీ పిల్లను పంపని బడికి నా పిల్లను పంపమంటావా అని కూలికెళ్లే మనిషి అడిగితే జవాబు కావాలి. టీచర్ ఎమ్మెల్సీ ఎన్నికలప్పుడు సంఘాల మధ్య కనిపించే పోటీలో సగం ఊపు, జూన్‌లో పిల్లల్ని బడిలో చేర్పించే నమోదు కార్యక్రమంలో కనిపించినా ఎంతో మార్పు వస్తుంది.

మొదలుపెట్టడానికి పెద్ద ఖర్చు కూడా అక్కర్లేదు. మండలంలో ఏ బడికి ఎంతమంది పిల్లలు, చట్టం ప్రకారం ఎంతమంది టీచర్లుండాలి, ఎంతమంది ఉన్నారు, ఎక్కడ డెప్యుటేషన్ మీద నెట్టుకొస్తున్నారు, రొయ్యల చెరువులకూ ఇటుక బట్టీలకూ తల్లిదండ్రుల వెంట వెళ్లిన పిల్లలెందరు: ఈ లెక్క మండల శాఖ దగ్గర ఉండాలి. వంటమ్మకు ఎన్ని నెలల బిల్లు రావాలో కూడా అందులోనే రాయాలి. జూన్ 12న బడి తెరిచే రోజు దాన్ని మండల విద్యాధికారి (ఎంఈవో) ఆఫీసు ముందు, పంచాయతీ గోడ మీద అంటించాలి. తమ బడిలో ఎన్ని పోస్టులు ఖాళీగా ఉన్నాయో చదివిన తల్లులు ఆ కాగితం పట్టుకుని ఎంఈవో దగ్గరికి వెళ్తే, పక్కన సంఘం మనిషి నిలబడాలి.