సవరణ: ఆక్సీమీటర్ 98 చూపినంత మాత్రాన ఊపిరి బాగున్నట్టు కాదు

మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్న కుక్కకు మత్తు ఇచ్చినప్పుడు "పల్స్ ఆక్సీమీటర్ 95 పైన ఉంటే శ్వాసకు ఢోకా లేదు" అని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు. 100 శాతం ఆక్సిజన్ పీలుస్తున్న కుక్క నిమిషానికి నాలుగైదుసార్లే, అదీ పైపైన ఊపిరి తీసినా ఆ అంకె చాలాసేపు కదలదు. ఈలోగా రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతుంది. చూడాల్సింది కాప్నోగ్రాఫ్, అంటే కుక్క వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో కొలిచే యంత్రం. అందులో 35–45 మి.మీ. పాదరసం మామూలు; 60 దాటితే బ్యాగు నొక్కి గానీ వెంటిలేటర్‌తో గానీ ఊపిరి అందించాలి. పశువైద్య అనస్థీషియా పాఠ్యగ్రంథాలు చెప్పేది ఇదే. కుక్కలో డయాఫ్రమ్‌ను (ఊపిరి పీల్చడానికి ముఖ్యమైన కండరం) కదిలించే నరం మెడలోని 5, 6, 7 వెన్నునాడుల నుంచే వస్తుంది, అందుకే ఈ కేసుల్లో మరీ జాగ్రత్త. అన్నట్టు, చిన్న కుక్క పైపైన ఊపిరి తీస్తుంటే కాప్నోగ్రాఫ్ కూడా అసలుకన్నా తక్కువే చూపిస్తుంది. అనుమానం వస్తే ధమని రక్తం తీసి అందులో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో చూడటమే.