బురుషాస్కీకి గోత్రం కావలెను

ముందుగా ఒక శుభవార్త. తెలుగు గ్రీకులోంచి పుట్టిందని నేను రుజువు చేసేశాను. మొన్న ఆదివారం, భోజనానికీ కునుకుకీ మధ్య. గ్రీకువాళ్లు నీళ్లని 'నెరో' అంటారు, మనం 'నీరు' అంటాం. ఇంకేం కావాలి? ఆ 'నెరో' అసలు 'తాజా' అనే అర్థమున్న పాత మాటలోంచి వచ్చిందనీ, మన నీరుకి తమిళంలోనూ కన్నడంలోనూ సొంత చుట్టాలున్నారనీ ఎవరైనా గొణిగితే నాకు వినపడదు.

ఈ విద్య బురుషాస్కీ పేరెత్తగానే కొందరు జేబులోంచి తీసే పదాల జాబితాలు చూసి నేర్చుకున్నాను. పాకిస్తాన్ ఉత్తరాన హుంజా, నగర్, యాసిన్ లోయల్లో సుమారు లక్షమంది మాట్లాడే భాష అది. చుట్టూ ఉన్న షీనా, ఖోవార్, వఖీ, బల్తీలకు కుటుంబాలున్నాయి, దీనికి లేదు. పెళ్లింట్లో ఓ మూల ఒంటరిగా కూర్చున్న మనిషి కనిపిస్తే "ఎవరి తాలూకు బాబూ?" అనకుండా ఉండగలమా? సైబీరియా వైపు భాషల చుట్టమని ఒకరు, కాకసస్ వైపు భాషల చుట్టమని ఇంకొకరు. ఇండో-యూరోపియన్, అంటే సంస్కృతం, రష్యన్ ఉన్న కుటుంబం, అని ఇలియా చషూలే అనే పండితుడు. అందులోనూ ఫ్రిజియన్‌కి దగ్గరట. ఫ్రిజియన్ అంటే ఇప్పటి టర్కీ ప్రాంతంలో ఎప్పుడో చచ్చిపోయి, కాసిని శాసనాలు మిగిల్చిన భాష. సాక్ష్యానికి పిలిస్తే రాదు, కాదనీ అనదు. ఇంత అనువైన చుట్టం ఎక్కడ దొరుకుతాడు?

అంకెలు లెక్కపెట్టమంటే మాత్రం ఈ చుట్టరికం నీళ్లు నములుతుంది. సంస్కృతంలో ద్వి, త్రి. రష్యన్‌లో ద్వా, త్రి. వేల మైళ్లు తిరిగినా పోలిక చెరగలేదు. బురుషాస్కీలో రెండు 'అల్తో', మూడు 'ఉస్కో'. ఆ వరసలో నిలబెట్టి చూడండి. మీవల్ల కాకపోతే నన్ను పిలవండి, నీరు అనుభవం ఉంది.

ఈ గోలలో నాకు ప్రాణమైన ఘట్టం 2008 జులైలో జరిగింది. హుంజావాళ్లు పురాతన మాసిడోన్ రాజు అలెగ్జాండర్ సైనికుల సంతానమని ఒక కథ ఉంది. దాన్ని పట్టుకుని హుంజా రాజకుటుంబాన్ని మాసిడోనియా (ఇప్పుడు ఉత్తర మాసిడోనియా) రాజధాని స్కోప్యేకి ఆహ్వానించారు. విమానాశ్రయం పేరు కూడా అప్పట్లో అలెగ్జాండరే. ప్రధానమంత్రి స్వయంగా ఎదురొచ్చాడు, ఆర్చిబిషప్పూ వచ్చాడు. మిగతాది నా ఊహ. "ఇరవైమూడు శతాబ్దాలయింది, చిక్కిపోయావురా తమ్ముడూ" అని ఒకరు. "దారిలో పర్వతాలు అడ్డొచ్చాయన్నయ్యా" అని ఇంకొకరు. ఏ భాషలో? అన్నయ్యది స్లావిక్ భాష, అలెగ్జాండర్ పోయిన కొన్ని వందల ఏళ్లకి గానీ ఆ ఊళ్లకు రాలేదు. తమ్ముడిది బురుషాస్కీ. మధ్యలో దుబాసీ. దుబాసీకి మాత్రం జీతం నిజం.

నవ్వింది చాలు. బురుషాస్కీలో చెయ్యి అని ఊరికే అనడం కుదరదు. నా చెయ్యి 'అరింగ్', నీ చెయ్యి 'గురింగ్', ఆమె చెయ్యి 'మురింగ్'. చుట్టరికాల మాటలూ అంతే, నాన్న అనాలంటే ఎవరి నాన్నో ముందు చెప్పాలి. నామవాచకాలు నాలుగు తరగతులు. నలభై అంటే రెండు ఇరవైలు. ఈ భాష మీద లోరిమర్ అనే ఆయన 1930లలో మూడు సంపుటాలు రాశాడు, బెర్గర్ 1998లో మరో మూడు. వీటిలో ఒక్క పుటైనా తిప్పని పెద్దమనుషులకి ఆ భాష ఎలా పలుకుతుందో అక్కర్లేదు, ఎవరికి పుట్టిందో మాత్రం కావాలి! యూరప్ రక్తం ఉందంటేనే కుర్చీ వేస్తారా? యునెస్కో దాన్ని ముప్పున్న భాషల్లో చేర్చింది. అక్కడి పిల్లలు బడికెళితే ఉర్దూ, ఇంగ్లీషు. ఆ సంగతి అడగడానికి ఏ విమానాశ్రయంలోనూ ఎవరూ ఎదురు రారేం?

మనకీ ఈ అవమానం కొత్త కాదు. తెలుగు సంస్కృతం కూతురంటే తలూపుతూ కూర్చున్నాం. కాదని 1816లో మద్రాసులో ఎల్లిస్ దొర ధాతువులు చూపించి చెప్పాడు. తెలుగుకి ఏం తగ్గింది?

అయినా నా పరిశోధన నేను మానను. ఏథెన్స్ నుంచి పిలుపు ఏ క్షణమైనా రావచ్చు. ఆవకాయ జాడీ సిద్ధంగా ఉంది. నూనె కారకుండా రెండు కవర్లు చుట్టాను.