లీటరుకు 3 మిల్లీగ్రాములు

అమెరికాలోని ఫ్లోరిడాలో ఉన్న టాంపా బే అనే అఖాతంలో 1950 నాటికి సుమారు 40 వేల ఎకరాల్లో సముద్రపు గడ్డి ఉండేది. 1982 నాటికి 21,600 ఎకరాలే మిగిలింది. కొంత తవ్వకాలకు పోయింది, కొంత చీకటికి చచ్చింది. మురుగులోని నైట్రోజన్ తిని నాచు నీళ్లను పచ్చగా కప్పేస్తే అడుగున గడ్డికి ఎండ ఎక్కడిది?

అక్కడి చట్టం ‘వీలైనంత తగ్గించండి’ అని ఊరుకోలేదు. బేలోకి వదిలే శుద్ధి నీటిలో లీటరుకు 3 మిల్లీగ్రాములకు మించి నైట్రోజన్ ఉండకూడదంది. 1979లో టాంపా నగర ప్లాంటును మార్చారు. ముందు గాలి ఊది అమ్మోనియాను నైట్రేటుగా మారుస్తారు. తర్వాత ఆక్సిజన్ అందని ఫిల్టర్లలో మెథనాల్ కలుపుతారు. దాన్ని తినే బ్యాక్టీరియా నైట్రేటును నైట్రోజన్ వాయువుగా గాల్లోకి వదిలేస్తుంది. మెథనాల్ తక్కువైతే నైట్రేటు అలాగే బయటికి పోతుంది, ఎక్కువైతే అదే కొత్త కాలుష్యం. నాచుకు మరో ఆహారమైన ఫాస్ఫరస్ జోలికి అంతగా పోకపోవడానికి కారణముంది. అది ఫాస్ఫేట్ గనుల ప్రాంతం, నీళ్లలో ఫాస్ఫరస్‌కు కొదవ లేదు. నాచుకు కొరత నైట్రోజన్‌దే కాబట్టి కళ్లెం దానికే వేశారు.

ఫలితం మాత్రం నిదానంగా వచ్చింది. 38 వేల ఎకరాల లక్ష్యం దాటేసరికి 2014 అయింది. 2016లో విస్తీర్ణం 41 వేలు మించింది. విజయగాథ అక్కడితో ఆపేస్తే అబద్ధమవుతుంది. 2022 నాటికి అది 30 వేలకు దిగజారింది. ఎక్కువ నష్టం ఆ అఖాతంలోనే ఒక భాగమైన ఓల్డ్ టాంపా బేలో జరిగింది. ‘పైరోడినియం’ అనే సూక్ష్మజీవి విత్తనాల్లాంటి తిత్తులుగా అడుగు బురదలో దాగి, వేసవిలో లేచి నీళ్లను గోధుమ రంగుకు తిప్పుతోంది. 2021లో పైనీ పాయింట్ ఎరువుల వ్యర్థాల చెరువు నుంచి సుమారు 80 కోట్ల లీటర్లు వదిలారు. దిగువ టాంపా బేకి ఏడాదంతా చేరే నైట్రోజన్ కంటే ఎక్కువ పది రోజుల్లోనే చేరింది. మురుగు గొట్టాన్ని కట్టడి చేయడం తేలిక. వానకు పచ్చిక బయళ్ల నుంచి కొట్టుకొచ్చే ఎరువును ఆపడం కష్టం. అందుకే అక్కడి చాలాచోట్ల జూన్ నుంచి సెప్టెంబరు దాకా పచ్చికకు నైట్రోజన్ వేయడం నిషిద్ధం.

మన దగ్గర ఆ తేలికైన పనికే దిక్కులేదు. మురుగు శుద్ధి ప్రమాణాల 2015 ముసాయిదాలో లీటరుకు 10 మిల్లీగ్రాముల నైట్రోజన్ పరిమితి ఉండేది. 2017 తుది నోటిఫికేషన్‌లో దాన్ని ఎత్తేశారు. బీఓడీ (నీటిలోని సేంద్రియ మురికిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్ కొలత) తగ్గితే చాలనుకున్నారు కాబోలు. బీఓడీ తగ్గిన నీటిలోనూ నాచుకు సరిపడా నైట్రేటు ఉంటుంది. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కఠిన ప్రమాణాలే కావాలంది. విశాఖ, కాకినాడల్లో ఇకపై కట్టే ప్రతి ప్లాంటు టెండరులోనూ నైట్రోజన్ పరిమితి రాయాలని, ప్రతి నెలా కొలిచి ఆ లెక్క బయటపెట్టాలని మేం కోరుతున్నాం.