మహారాజశ్రీ ఖాళీ స్థలం గారికి

మహారాజశ్రీ మూల మీది ఖాళీ స్థలం గారికి, విజయనగరం నుంచి మీ వీధివాళ్ళం రాయునది. ఉభయకుశలోపరి అందామంటే దోమలు రాయనివ్వడం లేదు.

మొన్న మీకు జరిగిన సన్మానం గురించే ఈ లేఖ. 2025 జనవరి నుంచి నెలనెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కదా, మనమూ ఓ చెయ్యి వేద్దాం అని వాట్సాప్ గ్రూపులో ఎవరో అనగానే దండాల బొమ్మలే బొమ్మలు. తెల్లారి పారలు, గోతాలు పట్టుకుని దిగింది మాత్రం గుప్పెడు మందే. మిగతావాళ్ళు మేడల మీంచి "ఆ మూల ఉండిపోయింది చూడండి" అని సలహాలు దయచేశారు.

అయినా మీ ఆకలే ఆకలి. సిరిమాను పండక్కి వచ్చిన చుట్టాలు తిన్న ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు అన్నీ మీ దగ్గరే ఉన్నాయి. 2022 జూలై 1 నుంచి అవి దేశమంతా నిషేధమన్న కబురు మీకింకా అందినట్టు లేదు. ఓ కొబ్బరి బొండం ఎత్తి వంచితే అడుగున గుక్కెడు వాన నీళ్ళు, అందులో వంకర్లు తిరుగుతూ దోమ పిల్లలు. డెంగీ దోమకి మురుక్కాలువ అక్కర్లేదు, ఇలా నిలవున్న తేట నీళ్ళు చాలు, పైగా పగలే కుడుతుంది. మేమేమో సాయంత్రం తలుపులేసి, కాయిల్ వెలిగించి ధీమాగా కూర్చుంటాం.

అసలు ఘట్టం కవర్లది. పీటముడి వేసిన కవరొకటి పార తగిలి చిరిగింది. పాచిపోయిన అన్నం, పులుసు, పిల్లాడి డైపరు, వాటి మధ్య చెక్కుచెదరని కరెంటు బిల్లు, దాని మీద పేరు. ఆ పేరుగల పెద్దాయన మా పక్కనే గోతాం పట్టుకుని నిలబడ్డారు. ఓసారి వంగి చూసి, "గాలికెగిరొచ్చీసుంటాది బాబూ" అన్నారు. ముడేసిన కవర్లోకి! మా వీధి గాలి అంత పనిమంతురాలని అప్పుడే తెలిసింది. అందరం అవునవునన్నాం, ఎందుకంటే ఎత్తాల్సిన కవర్లు ఇంకా బోలెడున్నాయి, వాటిలో ఎవరెవరి బిల్లులున్నాయో ఎవరికి తెలుసు. ఆ తర్వాత ప్రతి కవరునీ చిరగకుండా ఎంత భక్తిగా ఎత్తామో మీరే సాక్షి.

2021లో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) పథకం కింద చెత్త వేరుచెయ్యమని ఇచ్చిన మూడు బుట్టలేవని అడుగుతారేమో. తడి చెత్తకిచ్చిన ఆకుపచ్చదాంట్లో బియ్యం, పొడి చెత్తకిచ్చిన నీలందాంట్లో ఇస్త్రీ బట్టలు, ఎర్రదాంట్లో తులసమ్మ. మీరుండగా వాటిని పాడుచెయ్యడం దేనికి?

మీ యజమాని విశాఖలో ఉంటూ గజం ఎంత పలుకుతోందో మాత్రం ఫోన్లో కనుక్కుంటారట. ఓ ప్రహరీ కట్టించమని మీరైనా చెప్పండి, మా మాట చెవిన పెట్టడం లేదు. గోడ కట్టినా పైనుంచి విసరగల చేతులు మా వీధిలో ఉన్నాయి, అది వేరే సంగతి.

అన్నట్టు, ఆదివారం సాయంత్రానికే మీ ఒళ్ళో కొత్త కవరు పడింది. ముడి గట్టిగానే ఉంది. బిల్లు మాత్రం ముందే తీసేసుంటారు లెండి.

ఇట్లు,
"మేం కాదు" అనే మీ వీధివాళ్ళం